ఎండలకు దిగిపోయిన లాన్ మోవర్ బ్యాటరీని వానల నాటికి లేపి నిలబెట్టడం ఎలా?

ఆషాఢం వస్తే ఫంక్షన్ హాళ్ళకు తాళాలు పడతాయి. లాన్ చూసుకునే మాలాంటి వాళ్ళకు మాత్రం అప్పుడే పని మొదలవుతుంది. తిరుచానూరు రోడ్డు వైపు ఒక హాల్లో పదకొండేళ్ళుగా గడ్డి సంగతి నేనే చూస్తున్నాను. ముప్పాతిక ఎకరం లాన్. మీద కూర్చుని తోలే మోవర్ ఒకటి, అంచులు కొట్టడానికి బ్యాటరీతో నడిచే తోపుడు మోవర్ ఒకటి ఉన్నాయి. ఉగాది దాటిందంటే మాకు నీళ్ళ కరువు. ట్యాంకర్లు తెప్పించి గడ్డి ప్రాణం నిలుపుకోవడమే తప్ప అది పెరిగేది ఏమీ ఉండదు. చిన్న మోవర్ పైపైన తిప్పి, పెళ్ళిరోజున మీద కార్పెట్ పరిచేస్తే సరిపోతుంది. పెద్ద బండి రేకుల షెడ్డులో పడుంటుంది.

జూన్ నెలాఖరుకు నాలుగు చినుకులు రాలగానే గరిక జానెడు లేస్తుంది. శ్రావణ ముహూర్తాలకు అడ్వాన్సులు వచ్చేస్తాయి. అప్పుడు పరిగెత్తుకుంటూ షెడ్డులోకి పోయి తాళం తిప్పితే 'టిక్' మంటుంది. అంతే, ఇంకేమీ ఉండదు. మొదటి రెండేళ్ళూ నాకు ఇదే జరిగింది. తర్వాత తెలిసింది, తప్పు బ్యాటరీది కాదు, నా క్యాలెండర్‌దని.

మోవర్‌తో వచ్చే పుస్తకాలన్నీ మంచు కురిసే దేశాల లెక్కతో రాసినవి. చలికాలంలో బ్యాటరీ విప్పి లోపల పెట్టండి, వసంతంలో చార్జింగ్ పెట్టండి అంటాయి. మన దగ్గర చలికాలమే గడ్డికి పండుగ. తిరుపతి వైపు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. బండి ఊరికే నిలబడేది ఎండాకాలంలో. కాబట్టి ఆ పుస్తకంలో చలికాలం అని ఉన్న చోటల్లా ఎండాకాలం అని చదువుకోండి. తేడా ఒక్క పేరులోనే కాదు, వేడిలో కూడా ఉంది. బ్యాటరీని వాడకుండా పెడితే దానంతట అదే దిగిపోతుంది. నీళ్ళు పోసే మామూలు లెడ్ ఆసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల చల్లదనంలో నెలకు సుమారు నూటికి ఐదు వంతులు పోగొట్టుకుంటుంది. ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల కింద ఎంత వేడో మీకు తెలుసు. మూడు నెలలు అలా వదిలేస్తే సగానికి సగం పోయినా ఆశ్చర్యం లేదు. అలా దిగిపోయిన బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది. కొత్తలో అయితే చార్జింగ్‌తో కరుగుతుంది. వారాల తరబడి ఉంటే రాయిలా బిగుసుకుపోయి ఇక కరగదు. షాపుల్లో 'సల్ఫేషన్ పట్టింది' అనేది దీన్నే.

అందుకని పని ఎప్పుడు మొదలుపెట్టాలంటే, తొలి వానకు ముందే. మా ఊళ్ళో మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ముగుస్తుంది కదా, నాకు అదే గుర్తు. జాతర అయిన వారంలో బ్యాటరీ కిందికి దించుతాను.

ముందు చూడండి, చార్జర్ తర్వాత

చాలామంది చేసే తప్పు ఇక్కడే. బండి లేవలేదనగానే క్లిప్పులు తగిలించి స్విచ్ వేసేస్తారు. లోపల నీళ్ళు లేకుండా చార్జింగ్ పెడితే బయటికి తేలిన ప్లేట్లు వేడెక్కి పాడవుతాయి. పై డబ్బా ఉబ్బినా, పగిలినా, సీసం పోస్టు దగ్గర తడి కనిపించినా ఆ బ్యాటరీకి చార్జింగ్ అసలు పెట్టకూడదు. పక్కన పెట్టేయండి.

మీ బండిలో ఏ రకం ఉందో కూడా ముందే తెలియాలి. పైన ఆరు మూతలు ఉంటే నీళ్ళు పోసే రకం. మూతలు లేకుండా, మెయింటెనెన్స్ ఫ్రీ అనో ఏజీఎం అనో రాసి ఉంటే సీల్డ్ రకం. దాని పైభాగాన్ని స్క్రూ డ్రైవర్‌తో లేపి నీళ్ళు పోయాలని చూడకండి. కూర్చుని తోలే మోవర్లలో ఎక్కువగా 12 వోల్టుల, 28 నుంచి 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత చార్జింగ్ పట్టుకుంటుందో చెప్పే లెక్క) వరకు ఉండే బ్యాటరీ ఉంటుంది. కంపెనీది దొరక్క మన మెకానిక్కులు చిన్న కార్లలో వేసే 35 ఏహెచ్ బ్యాటరీ కూర్చోబెట్టడం మామూలే. ట్రేలో పడితే తప్పేమీ లేదు. ప్లస్సు ఎడమవైపా కుడివైపా అన్నది మాత్రం చూసుకోవాలి. అటూ ఇటూ అయితే వైరు అందక లాగి కడతారు. అలా కట్టింది అదురుకు నాలుగు రోజుల్లో ఊడుతుంది.

ఒక మల్టీమీటర్ కొనుక్కోండి, ఖరీదైనది అక్కర్లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎరుపు ప్లస్సుకు, నలుపు మైనస్సుకు తాకించండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 కిందికి పోయిందంటే ఖాళీ. 10.5 దగ్గర కదలకుండా నిలిచిందంటే ఆరు సెల్లుల్లో ఒకటి పోయిందని అనుమానించాలి. ఒక్కో సెల్లుకు సుమారు 2.1 వోల్టులు కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. కనిపించిన అంకెను తేదీతో సహా ఎక్కడైనా రాయండి. నేను షెడ్డు గోడ మీదే బొగ్గుతో రాస్తాను. దీనితో తర్వాత చాలా పని ఉంది.

విప్పడం

తాళం తీసేయండి. చేతికి కడియం, ఉంగరం, వాచీ ఉంటే అవీ తీసేయండి. మొదట నలుపు వైరు, అంటే మైనస్, తర్వాత ఎరుపు. మళ్ళీ బిగించేటప్పుడు తిరగేసి, ముందు ఎరుపు, ఆఖరున నలుపు. ఎందుకు ఇంత పట్టింపు అంటారా? బండి ఇనుము మొత్తం మైనస్సుకు కలిసి ఉంటుంది. ఎరుపు ముందు విప్పుతుంటే పానా జారి బాడీకి తగిలిందనుకోండి, ప్లస్సూ మైనస్సూ పానా గుండా కలిసిపోతాయి. మా కుర్రాడు ఒకసారి అలాగే చేశాడు. 10 నంబరు పానా సీటు కింది పట్టీకి తగిలి ఫట్‌మని నిప్పు లేచింది. పానా అంచున కందిగింజంత గుంత పడింది. "అన్నా, కరెంటు 12 వోల్టులే గదా, ఏమైతుందిలే అనుకుంటిని" అన్నాడు వాడు చెయ్యి ఊదుకుంటూ. 12 వోల్టులు ఒంటికి షాకు కొట్టవు, నిజమే. కానీ ఆ చిన్న పెట్టె ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఇనుము కరగడానికి అది చాలు.

టెర్మినళ్ళ మీద తెల్లగానో నీలంగానో పూత పట్టి ఉంటుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బుస్సుమని నురగ వస్తుంది, అది ఆగేదాకా రుద్దండి. మూతలు బిగించి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి, సోడా నీళ్ళు లోపలికి పోతే ఆసిడ్ చచ్చిపోతుంది. మంచి నీళ్ళతో కడిగి, తుడిచి, ఎండనివ్వండి. డబ్బా పైభాగం కూడా తుడవాలి. దుమ్మూ తడీ కలిసి ప్లస్సు నుంచి మైనస్సుకు సన్నటి దారి వేస్తాయి, దాని మీదుగా కూడా చార్జింగ్ కారిపోతుంది. వైరు చివరి రింగును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. వాసెలిన్ పూయడం బిగించిన తర్వాతే. ముందే పూస్తే లోహానికీ లోహానికీ మధ్య జిడ్డు చేరుతుంది.

ట్రే కింద ఎలుక గూడు ఉందేమో ఒక చూపు చూడండి. వైరు మీద ఉన్న ప్లాస్టిక్ వాటికి కరకరలాడే తిండి.

నీళ్ళు

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో బ్యాటరీలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

కళ్ళద్దాలు, రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. ఆరు మూతలూ తీసి టార్చితో లోపలికి చూడండి. దీపం కాదు, సెల్‌ఫోన్ లైటు కూడా కాస్త ఎత్తున పట్టుకోండి. ప్లేట్లు మునిగి, వాటి పైన సుమారు ఒక సెంటీమీటరు నీళ్ళు ఉండాలి. కొన్నింటికి డబ్బా పక్కన ఎగువ గీత, దిగువ గీత ఉంటాయి. ప్లేట్లు బయటికి తేలి ఉంటే, అవి మునిగేంత మాత్రం ఇప్పుడు పోయండి. పైదాకా పోయకండి. చార్జింగ్ ఎక్కేటప్పుడు లోపలి ద్రవం వేడెక్కి, బుడగలు లేచి పైకి ఉబ్బుతుంది. ముందే నింపేస్తే ఆసిడ్‌తో సహా మూతల్లోంచి పొంగి ట్రే తుప్పు పడుతుంది. పూర్తిగా నింపడం చార్జింగ్ అయ్యాక.

ఏ నీళ్ళు? డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో, కొన్ని మెడికల్ షాపుల్లో సీసాల్లో దొరుకుతుంది. మన బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో గీజరు కాయిల్ విప్పి చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఉప్పూ సున్నమూ ప్లేట్లకు విషం. "ఆర్వో నీళ్ళు పోస్తే ఏం?" అని అందరూ అడుగుతారు. నేనూ ఒక ఏడాది క్యాన్ నీళ్ళే పోశాను. ఆర్వో తాగడానికి తగ్గట్టు లవణాలు తగ్గిస్తుంది తప్ప మొత్తం తీసేయదు. ఏసీ నుంచి కారే నీళ్ళు పోసేవాళ్ళున్నారు. అది రాగి, అల్యూమినియం రేకుల మీద దుమ్ముతో కలిసి జారిన నీరు. 20, 30 రూపాయలు మిగుల్చుకోబోయి వేలు ఖర్చు పెట్టడమే అవుతుంది.

ఇంకో సంగతి. నీళ్ళు తగ్గాయి కదా అని ఎవరైనా ఆసిడ్ పోయమంటే వినకండి. ఎండకు ఆవిరయ్యేదీ, చార్జింగ్‌లో వాయువుగా పోయేదీ నీరే. ఆసిడ్ లోపలే ఉంటుంది. దానికి మళ్ళీ ఆసిడ్ కలిపితే చిక్కబడి ప్లేట్లను తినేస్తుంది. ఆసిడ్ పోసేది డబ్బా ఒరిగి ఒలికిపోయినప్పుడు మాత్రమే, అదీ షాపు వాళ్ళ చేత.

చర్మానికి తగిలితే ధారగా నీళ్ళతో కడుక్కోండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కొళాయి కింద కన్ను తెరిచి కడిగి, నేరుగా ఆసుపత్రికి పోండి.

చార్జింగ్

లెక్క సులువు. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు ఆంపియర్లు. 30 ఏహెచ్ అయితే 3 ఆంపియర్లు. సగం ఖాళీగా ఉందనుకుంటే 15 ఏహెచ్ ఎక్కించాలి. 3 చొప్పున ఐదు గంటలు, కొంత వేడిగా, వాయువుగా పోతుంది, చివర్లో నిదానంగా ఎక్కుతుంది, కాబట్టి ఏడెనిమిది గంటలు పెట్టుకోండి. తొందరపడి ఎక్కువ ఆంపియర్లు దూర్చితే పైపైన నిండినట్టు కనిపిస్తుంది, లోపల ప్లేట్లు వంకర పోతాయి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గదా, దానికి తగిలిస్తే పోదా అనేవాళ్ళు మా హాల్లోనే ఇద్దరున్నారు. ఇన్వర్టర్లు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కోసం చేసినవి, చాలావాటిలో చార్జింగ్ 10 నుంచి 15 ఆంపియర్ల దాకా పోతుంది. 30 ఏహెచ్ బ్యాటరీకి అది పిల్లవాడి నోట్లో కుండ బోర్లించడమే. 12 వోల్టుల ఆటోమేటిక్ చార్జర్, 3 లేదా 4 ఆంపియర్లది ఒకటి కొనుక్కోండి. లేదంటే బ్యాటరీ షాపులో ఒక రాత్రికి చార్జింగ్ పెట్టిస్తే తక్కువలో అయిపోతుంది.

చోటు కూడా ముఖ్యమే. గాలి ఆడే వరండా కావాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, అది గాలిలో నూటికి నాలుగు వంతులు చేరితే చాలు, నిప్పురవ్వతో పేలుతుంది. బీడీ, అగరవత్తి, దీపం దగ్గరికి రానివ్వకండి. దేవుడి గూడు పక్కన చార్జింగ్ పెట్టిన ఒక ఇల్లు నేను చూశాను, వెంటనే మార్పించాను. సెల్లుల మూతలు వదులు చేసుకునేదీ బిగించే ఉంచేదీ ఆ బ్యాటరీ మీద రాసినదాన్ని బట్టి. క్లిప్పులు ముందు తగిలించి, ఆ తర్వాత కరెంటు స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, తర్వాత క్లిప్పులు. నిప్పురవ్వ వచ్చేది క్లిప్పు దగ్గరే కాబట్టి ఈ వరస.

మనకు ఇంకో తిప్పలుంది. పగలు పెట్టకండి. మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల్లో బ్యాటరీ ముందే కాలుతూ ఉంటుంది. చార్జర్ మీద రాసిన 14.4 వోల్టులు 25 డిగ్రీల లెక్క. 40 డిగ్రీల్లో 14.1 దగ్గరే చాలు, మరీ ఎక్కువైతే నీళ్ళు ఉడికిపోతాయి. అందుకని రాత్రి ఎనిమిదికి పెట్టి తెల్లవారి తీస్తాను. మధ్యలో ఒకసారి డబ్బా పక్కన చెయ్యి పెట్టి చూడాలి, గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలితే ఆపేయండి. కరెంటు పోయి వస్తే కొన్ని చార్జర్లు మళ్ళీ బటన్ నొక్కేదాకా నిద్రపోతుంటాయి. రాత్రంతా చార్జింగ్ ఎక్కిందని మనం అనుకుంటాం, నిజానికి పదింటికే ఆగిపోయి ఉంటుంది. కొన్న రోజే ప్లగ్గు ఒకసారి పీకి పెట్టి మీ చార్జర్ ఏం చేస్తుందో చూసుకోండి.

మీటరు అబద్ధం ఆడే గంటలు

చార్జర్ తీసిన వెంటనే మీటరు పెడితే 13.1, 13.2 అని చూపిస్తుంది. చూసి సంబరపడకండి. అది ప్లేట్ల పైపొరలో ఉన్న చార్జింగ్ మాత్రమే. నన్ను రెండేళ్ళు మోసం చేసింది ఈ అంకే. పొద్దున తీసి, 13 చూసి, బండికి బిగించి, సాయంత్రానికి మళ్ళీ టిక్కుమంటే మెకానిక్‌ను తిట్టుకునేవాణ్ణి.

కనీసం నాలుగైదు గంటలు, వీలైతే ఒక రాత్రి, ఏ వైరూ తగలకుండా వదిలేయండి. అప్పుడు చూసిన అంకే నిజం. 12.6 నుంచి 12.7 ఉంటే మంచిది. సీల్డ్ ఏజీఎం అయితే 12.8 దాకా ఉండాలి. రాత్రంతా చార్జింగ్ పెట్టినా పొద్దుటికి 12.4 దాటలేదంటే ఆ బ్యాటరీ పని అయిపోవచ్చినట్టే.

మూతలు ఉన్న రకానికి ఇంకా నమ్మకమైన పరీక్ష హైడ్రోమీటర్, అంటే లోపలి ఆసిడ్ చిక్కదనం కొలిచేది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న కడ్డీ. ఒక్కో సెల్లులోంచి రవంత పీల్చి, కడ్డీ ఎక్కడ తేలిందో చూసి, అదే సెల్లులోకి వదలాలి. నిండుగా ఉంటే 1240 నుంచి 1265 మధ్య చూపిస్తుంది. మన వేడి ప్రాంతాల బ్యాటరీల్లో కాస్త తక్కువ చిక్కదనంతోనే నింపుతారు కాబట్టి 1240 కనిపించినా బెంగ అక్కర్లేదు. అంకె ఎంత అన్నదానికంటే ఆరింటి మధ్య తేడా ఎంత అన్నదే అసలు సంగతి. ఒక ఏడాది గోడ మీద నేను రాసుకున్న వరస ఇది: 1240, 1235, 1240, 1120, 1235, 1240. నాలుగో సెల్లు చూశారా? మిగతా ఐదూ గుర్రాల్లా ఉన్నాయి, అదొక్కటీ కూర్చుండిపోయింది. ఏ రెండు సెల్లుల మధ్య అయినా 50 దాటి తేడా ఉండి, మరోసారి చార్జింగ్ పెట్టినా తగ్గకపోతే ఇక దాని మీద డబ్బు పోయకండి. ఒక్క సెల్లు మార్చే కాలం పోయింది.

నీళ్ళు పైదాకా నింపేది ఈ పరీక్షలన్నీ అయ్యాకే. అప్పుడే పోసిన నీరు పైనే తేలుతుంది, హైడ్రోమీటర్ తప్పు చూపిస్తుంది.

బిగించి, తిప్పి చూడటం

ముందు ఎరుపు, తర్వాత నలుపు. పట్టీ కదలకుండా బిగించండి, కట్టు వదులైన బ్యాటరీ అదురుకే చస్తుంది. అప్పుడు వాసెలిన్. ఇద్దరు ఉంటే ఈ పని బాగా జరుగుతుంది. ఒకరు మీటరు పట్టుకుని చూస్తుంటే ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతున్నంతసేపూ అంకె 9.6 కిందికి పడకూడదు. 8కో 7కో జారిందంటే, విడిగా 12.7 చూపించినా సరే, ఆ బ్యాటరీకి భారం మోసే సత్తువ లేనట్టు. 11 దగ్గరే నిలబడి కూడా సెల్ఫ్ టిక్కుమంటుంటే తప్పు బ్యాటరీది కాదు. సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్), ఎర్తు వైరు, సీటు కింది స్విచ్ వరసగా చూడండి. మోవర్లలో మనిషి సీటులో కూర్చోకపోయినా, బ్లేడు లివరు వేసి ఉన్నా సెల్ఫ్ తీసుకోకుండా ఏర్పాటు ఉంటుంది. పక్కన నిలబడి తాళం తిప్పి బ్యాటరీ పోయిందనేవాళ్ళకు లెక్కలేదు.

ఇంజన్ లేచాక రేసు పెంచి మళ్ళీ మీటరు చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఉండిపోతే బండి బ్యాటరీని నింపడం లేదు. ముందు ఫ్యూజు, తర్వాత రెగ్యులేటర్ చూపించండి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, వారంలో నీళ్ళన్నీ ఉడికిపోతాయి. ఇంకొకటి, ఖాళీ బ్యాటరీని ఎలాగో లేపి, గంటసేపు గడ్డి కోస్తే అదే నిండుతుందిలే అనుకోకండి. చాలా మోవర్ల చార్జింగ్ కాయిల్ చిన్నది, లేపడానికి వాడిన కాస్తను తిరిగి నింపడానికే అది ఉన్నది.

కొత్తది కొనాల్సి వస్తే

బ్యాటరీల విషయంలో మా ఊళ్ళో సలహాలకు కొదవ లేదు. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల కంపెనీ కరకంబాడిది, మన రేణిగుంట దారిలోనే. చిత్తూరు వైపు నూనెగుండ్లపల్లెలోనూ వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. ఏ వీధిలో చూసినా అక్కడ పనిచేసే ఒక అన్నో, బావో, పక్కింటాయనో ఉంటాడు. వాళ్ళలో ఒకాయన నాకు చెప్పిన మాట బాగా పనికొచ్చింది: "బ్యాటరీకి షాపులో ఉన్నా వయసు పెరుగుతుంది." అంతకుముందు ఒక షాపులో నాకు అంటగట్టినది తొమ్మిది నెలలుగా రాక్‌లో దుమ్ము పట్టి ఉన్నది. డబ్బా మీది తయారీ నెల చూడాలని నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు నెల చూస్తాను, మీటరు నా జేబులోనే ఉంటుంది, కౌంటర్ మీదే వోల్టులు చూస్తాను. 12.4 కింద ఉంటే ఇంకొకటి తీయమంటాను. మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనీ. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

పాతదాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. వీధి చివర పగలగొట్టి సీసం కరిగించేది ఎక్కువగా అక్కడే, ఆ పొగా ఆసిడూ పిల్లల మీద పడతాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కు తీసుకుని సరైన చోటికి చేర్చే బాధ్యత తయారీదారులది. కొన్న షాపులోనే ఇస్తే పాత బ్యాటరీ ధర తగ్గించి కొత్తది ఇస్తారు కూడా.

లిథియం మోవర్ ఉన్నవాళ్ళకు

అపార్టుమెంట్లలో, డాబా మీద లాన్ పెంచేవాళ్ళ దగ్గర ఇప్పుడు ఇదే ఎక్కువ. దీనికి నీళ్ళు లేవు, ఆసిడ్ లేదు, కానీ ఎండ అంటే ఇంకా భయం. డబ్బా మీద 40 వోల్టులు అని ఉన్నది చాలాసార్లు 36 వోల్టుల ప్యాకే. 3.6 వోల్టుల సెల్లులు పది వరసగా ఉంటాయి, నిండా ఎక్కించినప్పుడు 40 దాటుతుంది కాబట్టి అలా రాస్తారు.

లెడ్ ఆసిడ్‌కు చెప్పినదానికి ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాన్ని నిండుగా ఉంచి దాచాలి. దీన్ని సగంలో ఉంచి దాచాలి. నాలుగు లైట్లుంటే రెండు వెలిగేటట్టు. నిండుగా ఎక్కించి వేడిలో పెడితే సెల్లులు త్వరగా ముసలివైపోతాయి. పూర్తిగా ఖాళీ చేసి పెట్టేస్తే మెల్లగా మరీ కిందికి పోయి, చార్జర్ పెట్టినా ఎర్రలైటు తప్ప ఏమీ రాదు. అప్పుడు రెండు వైర్లు తీసుకుని ఇంకో బ్యాటరీ నుంచి 'కిక్' ఇచ్చే వీడియోలు చూసి ప్రయోగాలు చేయకండి. ఆ ప్యాకు లోపలి కాపలా సర్క్యూటు వద్దంటున్నదంటే దానికి కారణం ఉంది. ఉబ్బినా, తియ్యటి మందు వాసన వచ్చినా ఇంట్లో ఉంచకండి. ప్లస్ మైనస్ రేకుల మీద టేపు వేసి సర్వీసు సెంటర్‌లో ఇచ్చేయండి, మున్సిపాలిటీ చెత్తబండిలో వేయొద్దు.

సీజన్‌కు ముందు దీనికి పని తక్కువే. ప్యాకు కూర్చునే గాడిలో చీమలు గూడు పెట్టి ఉంటాయి, ఊది శుభ్రం చేయండి. రేకుల్ని పొడి గుడ్డతో తుడవండి. చల్లటి గదిలో నిండా చార్జింగ్ పెట్టి, ఒకే లాన్ ఎన్ని నిమిషాలు కోస్తుందో రాసుకోండి. పోయిన ఏడాది 35 నిమిషాలు వచ్చింది ఈ ఏడాది 20 వస్తే, ప్యాకు మీద నింద వేసే ముందు బ్లేడు చూడండి. మొద్దు బ్లేడు, తడి గడ్డి రెండూ కరెంటును తాగేస్తాయి. బ్లేడు ముట్టుకునే ముందు ప్యాకు బయటికి తీయడం మర్చిపోకండి. కోత అయిన వెంటనే వేడి ప్యాకును చార్జర్ మీద పెట్టకండి, అరగంటో గంటో నీడలో ఆరనివ్వండి. చాలా ప్యాకులు 45 డిగ్రీల లోపలే చార్జింగ్ తీసుకునేటట్టు చేసినవి. మన మే నెలలో బయట ఎండలో పెట్టిన కారు డిక్కీ ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మళ్ళీ ఉగాదికి

బండి నిలబెట్టే రోజున నిండా చార్జింగ్ పెట్టి, నలుపు వైరు విప్పేయండి, లేదా బ్యాటరీనే దించి చల్లటి గదిలోకి తెచ్చుకోండి. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందని మా మెకానిక్ ఇప్పటికీ వాదిస్తాడు. పాతకాలం డబ్బాల మాట అది, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు నేలతో పేచీ లేదు. అయినా నేను చెక్క మీదే పెడతాను, వేరే కారణంతో. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా షెడ్డులో మోకాలి లోతు బురద నీళ్ళు నిలిచాయి, నేల మీదున్న బ్యాటరీ అందులోనే పోయింది. నెలకోసారి మీటరు పెట్టి, 12.4కు దిగితే ఒక రాత్రి చార్జింగ్ పెట్టండి. ఎండాకాలం మూడు నెలలకు మూడు రాత్రులు.

ఈసారి జాతర అయ్యాక గోడ మీద రాసిన అంకె 12.45. కిందటేడు అదే తేదీకి 12.55. అంతకు ముందటేడు 12.6. బండి తొలి తిప్పుకే లేచింది. కానీ ఈ బ్యాటరీకి ఇది నాలుగో ఏడు. కార్తీక ముహూర్తాలకు ముందే కొత్తదానికి డబ్బు కావాలని మేనేజరుకు చెప్పి పెట్టాను.